పెద్దవారి, పిల్లల ప్రభుత్వ సాయం డబ్బు వారి తరఫున తీసుకునేవారికి కొన్ని సూచనలు

పీఎం కిసాన్ విడత పడిన వారంలో రైతు సేవా కేంద్రం దగ్గర కూర్చుంటే ఒక సంగతి అర్థమవుతుంది. అడగడానికి వచ్చేవారిలో చాలామంది తమ డబ్బు గురించి రారు. "నాన్న మంచం దిగడం లేదు సార్, ఆయన డబ్బు ఎట్లా తీయాలి?", "మా అత్తకు వేలిముద్రలు పడటం లేదు", "అన్న పోయాడు, పిల్లలు చిన్నవాళ్లు, వాళ్లకు రావలసింది ఎవరి చేతికి ఇస్తారు?" అని అడుగుతారు. వ్యవసాయ కళాశాలలో మాకు చీడపీడలు చెప్పారు గానీ ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పలేదు. ఉద్యోగంలో రైతుల వెంట బ్యాంకుకూ తహశీల్దారు కార్యాలయానికీ తిరిగి కొంత నేర్చుకున్నాను. మా ఇంట్లో దెబ్బ తిని మరికొంత నేర్చుకున్నాను. రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఎవరి పేరున సాయం మంజూరైందో డబ్బు వారిదే. తెచ్చిపెట్టే మనిషికి దాని మీద హక్కు రాదు. కొడుకైనా, కోడలైనా, వండిపెట్టేవారైనా ఇంతే. ఇది వినడానికి చిన్న మాటే గానీ కింద చెప్పే ప్రతి నిబంధనా దీని మీదే నిలబడి ఉంది.

ఏయే డబ్బులు

పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా పడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి అన్నదాత సుఖీభవతో కలిపి ఏడాదికి 20,000. తెలంగాణలో రైతు భరోసా ఎకరాకు ఏడాదికి 12,000. ఇవన్నీ బ్యాంకు ఖాతాకు వస్తాయి. ఆంధ్రలో ఎన్టీఆర్ భరోసా పింఛను మాత్రం సచివాలయ సిబ్బంది నెల మొదట్లో ఇంటికే తెచ్చి చేతికిస్తారు. వృద్ధులకు 4,000, దివ్యాంగులకు 6,000, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. చాలా ఇళ్లలో ఈ చివరి రకం పింఛను ఉందన్న సంగతే తెలియదు. మంచాన పడ్డ మనిషి పాత 4,000 తోనే సరిపెట్టుకుంటూ ఉంటాడు. వైద్యుల ధ్రువీకరణ కావాలి, సచివాలయంలో అడగండి.

పింఛనుదారు ఒక నెల ఊళ్లో లేకపోతే ఆ నెల డబ్బు పోయినట్టు కాదు. వరుసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల కలిపి ఇస్తారు. అమ్మను నగరంలో కొడుకు దగ్గర ఉంచినప్పుడు మూడో నెలకైనా ఊరికి తీసుకురావాలి. ఆమె బదులు ఇంకొకరు వేలు పెడతామంటే కుదరదు, కుదిరించే ప్రయత్నం కూడా చేయకండి.

మా ఇంట్లో జరిగింది

మా నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట పడిపోయాయి. తెలివి మాత్రం నిక్షేపంగా ఉండేది. మనం అడిగితే తలూపి చెప్పేవారు. ఊళ్లో ఉండే తమ్ముడు ఆయన ఏటీఎం కార్డుతో డబ్బు తీసి మందులకు వాడేవాడు. పిన్ను అందరికీ తెలుసు. నెలకోసారి ఊరికి వెళ్లే నేను ఇది సబబా కాదా అని ఒక్కసారీ ఆలోచించలేదు. పదిమందికి సలహాలు చెప్పేవాడిని కదా, సొంత ఇంట్లో సంగతి కనబడలేదు.

కొన్నాళ్లకు కార్డు గడువు అయిపోయింది. కొత్త కార్డుకు సంతకం కావాలన్నారు. ఖాతాదారే రావాలని బ్యాంకులో చెప్తే, ఆటోలో పరుపు వేసి ఆయన్ను తీసుకెళ్లాం. మెట్లెక్కించడానికి నలుగురు పట్టారు. ఇంటి దగ్గరే ముద్ర తీసుకునే వీలుందని అక్కడ ఎవరూ చెప్పలేదు, మాకూ తెలియదు. ఆ రోజు ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

నాన్నగారు పోయాక ఇంకొక విడత ఖాతాలో పడింది. తమ్ముడు దాన్ని పెద్దకర్మ ఖర్చుకు తీశాడు. కొంతకాలానికి, చనిపోయినవారికి పడిన విడతలు వెనక్కి కట్టించే జాబితా మా మండలానికి వస్తే, అక్కడ పనిచేసే సహోద్యోగి నాకు ఫోన్ చేశాడు. జాబితాలో మా నాన్నగారి పేరుంది. డబ్బు మర్నాడే కట్టేశాం. 2,000 పెద్ద మొత్తం కాదు. కానీ ఆ మాట మీద మా చెల్లెలు "మిగతా మూడేళ్ల లెక్క ఏది?" అని అడిగింది. తమ్ముడి దగ్గర చూపించడానికి ఏమీ లేదు. వాడు ఒక్క రూపాయి కూడా తిన్నవాడు కాదు, నాకు తెలుసు. అయినా ఆరు నెలలు ఇద్దరూ మాట్లాడుకోలేదు.

లేవలేని ఖాతాదారుకు ఉన్న వీలు

ముసలితనం వల్లో జబ్బు వల్లో బ్యాంకుకు రాలేని ఖాతాదారుల విషయంలో బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఎప్పుడో స్పష్టంగా చెప్పింది. సంతకం పెట్టలేకపోతే విత్‌డ్రాయల్ ఫారం మీద చేతి బొటనవేలి ముద్ర, అదీ కుదరకపోతే కాలి బొటనవేలి ముద్ర తీసుకోవచ్చు. దాన్ని బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు గుర్తించాలి. వారిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు ఉద్యోగి అయి ఉండాలి. ఏ ముద్రా వేయలేని స్థితిలో ఉంటే ఏదో ఒక గుర్తు పెట్టించి, అదే విధంగా ఇద్దరు సాక్షులతో గుర్తింపజేయవచ్చు. బ్యాంకుకు వచ్చి డబ్బు ఎవరు తీసుకెళ్లాలో ఖాతాదారు చెప్పాలి. ఆ మనిషిని కూడా ఇద్దరు సాక్షులు గుర్తించాలి, ఆయన తన సంతకం నమూనా బ్యాంకులో ఇవ్వాలి.

అంటే ఒక ఉద్యోగి ఇంటికి రావలసి ఉంటుంది. దీనికి నోటిమాటగా అడిగి వచ్చేయకండి. తెల్లకాగితం మీద ఖాతా నంబరు, జబ్బు వివరం, రాలేని కారణం రాసి, వైద్యుడి చీటీ జతచేసి మేనేజరుకు ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. కాగితం చేతిలో ఉంటే జవాబు మారుతుంది, ఇది నేను చాలాసార్లు చూశాను. 70 ఏళ్లు దాటినవారికీ, దివ్యాంగులకూ, నడవలేని జబ్బుతో ఉన్నవారికీ ఇంటి దగ్గరే నగదు ఇవ్వడం, తీసుకోవడం వంటి సేవలు ఏర్పాటు చేయమని 2017 నవంబరులోనే బ్యాంకులకు ఆదేశం ఉంది. దీనికి కొంత రుసుము ఉండవచ్చు. శాఖలో పని జరగకపోతే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పెట్టుకోవచ్చు. వివరాలకు 14448 నంబరు.

తెలివి బాగా ఉన్న మనిషయితే ఇంతకంటే సులువైన దారి ఒకటుంది. తన ఖాతాను ఫలానావారు నడపవచ్చని ఖాతాదారు బ్యాంకుకు మ్యాండేటు అనే అనుమతి పత్రం ఇవ్వవచ్చు. మీరు తీసే ప్రతి రూపాయీ మీ సంతకంతోనే పోతుంది, కనుక రేపు ఎవరు అడిగినా రికార్డు ఉంటుంది. పిన్ను తెలిసి తీసిన డబ్బుకు ఆ రికార్డు ఉండదు, ఖాతాదారే తీసినట్టు కనబడుతుంది. జాయింటు ఖాతా కూడా చాలామంది పెడతారు. "ఐదర్ ఆర్ సర్వైవర్" అని పెడితే ఇద్దరిలో ఎవరైనా తీయవచ్చు, ఒకరు పోయినా రెండోవారు నడపవచ్చు. అయితే జాయింటుగా పేరు ఉన్నంత మాత్రాన ఆ డబ్బు మీదైపోదు. మిగతా వారసుల వాటా అలాగే ఉంటుంది.

మతి తప్పిన తర్వాత ఇవేవీ పనికిరావు

ఇది చాలామందికి తెలియని చోటు. "మాకు జీపీఏ ఉంది సార్, భయం లేదు" అంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషి చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం రద్దవుతుంది. అంటే జీపీఏ, మ్యాండేటు రెండూ సరిగ్గా మీకు ఎక్కువ అవసరమైన రోజునే చెల్లకుండా పోతాయి. మతిమరుపు జబ్బు మొదలైందని వైద్యుడు చెప్పిన నెలలోనే ఖాతాకు నామినీ, ఫోను నంబరు, ఆధార్ అన్నీ ఆ పెద్దమనిషి సమక్షంలో సరిచేయించండి. ఆయనకు ఇంకా మాట చెప్పే శక్తి ఉన్నప్పుడే చేయాలి.

పూర్తిగా స్పృహ లేనివారి ఆస్తి, ఖాతా నడపాలంటే హైకోర్టుకు వెళ్లి సంరక్షకుడిగా నియమింపజేసుకోవాలి. ఖర్చుతో కూడిన పని. 2,000 రూపాయల విడత కోసం ఎవరూ వెళ్లరు, నిజమే. కానీ అదే ఖాతాలో ధాన్యం డబ్బు, పంటల బీమా పరిహారం చిక్కుకుపోయిన ఇళ్లు ఉన్నాయి.

పుట్టుకతో బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్నవారికి దారి వేరు. బిడ్డకు 18 ఏళ్లు నిండాక తల్లిదండ్రులు వారికి చట్టరీత్యా సంరక్షకులు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టరు ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేస్తే సంరక్షక ధ్రువపత్రం ఇస్తారు. ఆ పత్రాన్ని ఖాతా తెరవడానికీ నడపడానికీ బ్యాంకులు ఒప్పుకోవాలి. దివ్యాంగుల సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయంలో అడిగితే దరఖాస్తు దొరుకుతుంది. తల్లి కన్నుమూస్తే ఈ బిడ్డను ఎవరు చూస్తారన్న దిగులు ఉన్న ఇంట్లో ఈ పత్రం వాయిదా వేయకూడదు.

ఈ-కేవైసీ, ఆధార్ చిక్కులు

మట్టిలో పనిచేసిన చేతుల వేలిగీతలు అరిగిపోతాయి. మీసేవలోనో సీఎస్‌సీలోనో యంత్రం మీద పది సార్లు రుద్దినా పడవు. పీఎం కిసాన్ ఈ-కేవైసీని ముఖం గుర్తింపుతో చేసే సౌకర్యం 2023 జూన్ నుంచి పీఎం కిసాన్ మొబైల్ యాప్‌లో ఉంది. ఒక రైతు తన ఫోనులోనే ఇతర రైతులకూ చేసిపెట్టవచ్చు, నూరుమంది దాకా. కనుక మంచం మీద ఉన్నవారిని మోసుకెళ్లనక్కర లేదు. మా సిబ్బందిని ఇంటికి రమ్మని అడగండి, లేదా పక్కింటి చదువుకున్న కుర్రాడు చాలు. వెలుతురు బాగా ఉన్న చోట మంచాన్ని వాకిట్లోకి జరిపి చేయండి. చీకటి గదిలో ముఖం అందదు.

"డబ్బు పడిందంటున్నారు, ఖాతాలో లేదు" అన్న ఫిర్యాదుకు కారణం చాలాసార్లు ఒకటే. ప్రభుత్వ డబ్బు ఆధార్‌కు ఆఖరున ముడిపడిన ఖాతాకు పోతుంది. పాస్‌బుక్ మీ చేతిలో ఉన్న బ్యాంకుకే వస్తుందని లేదు. ఎవరో వచ్చి పెద్దాయనతో వేలు పెట్టించి కొత్త ఖాతా తెరిస్తే, ఆ రోజు నుంచి సాయం అందులోకి మళ్లవచ్చు. ఏ బ్యాంకుకు ముడిపడిందో ఆధార్ వెబ్‌సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అన్నచోట కనిపిస్తుంది. మార్చాలంటే కావలసిన బ్యాంకులో ఆధార్ సమ్మతి పత్రం మళ్లీ ఇస్తే సరి.

ఆధార్‌కు జతపడిన ఫోను నంబరు పెద్దవారి పేరున, ఇంట్లోనే ఉండాలి. కూతురి నంబరు పెట్టి, కూతురు అత్తవారింటికి వెళ్లాక ఓటీపీ కోసం రాత్రుళ్లు ఫోన్లు చేసుకునే ఇళ్లు ఎన్నో. వేలిముద్రతో ఊళ్లోనే డబ్బు తీసినప్పుడు ప్రతిసారీ చీటీ అడిగి తీసుకోండి. వేలు పెట్టించి "పడలేదు అవ్వా" అని పంపేసి, వెనక డబ్బు తీసిన ఉదంతాలు విన్నాం. అవసరం లేని రోజుల్లో ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ తాళం వేసి ఉంచవచ్చు. ఆధార్ సందేహాలకు 1947. మోసం జరిగిందని తెలిస్తే వెంటనే 1930కి ఫోను, బ్యాంకుకు రాతపూర్వక ఫిర్యాదు. మన తప్పు లేకుండా బయటివారు చేసిన మోసాన్ని మూడు పనిదినాల్లో తెలిపితే ఖాతాదారుకు నష్టం ఉండదని 2017 నాటి నిబంధన. పిన్ను మనమే ఇంకొకరికి చెప్పి ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా పోయింది మన ఖాతాలోనే.

పిల్లల పేరున వచ్చే డబ్బు

తెలంగాణ రైతు బీమాలో 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు చనిపోతే నామినీకి 5 లక్షలు వస్తాయి. నామినీగా పెట్టిన భార్య ముందే పోయినా పేరు మార్చని రైతులు ఉన్నారు. ఏఈవో దగ్గరకు వెళ్లి మార్పించడం పావుగంట పని, లేకపోతే పిల్లలకు ఏళ్లు పడుతుంది.

మైనరు పిల్లలకు తండ్రి, తండ్రి తర్వాత తల్లి సహజ సంరక్షకులు. తాత, బాబాయి, మేనమామ ఎంత ప్రేమగా పెంచినా చట్టం దృష్టిలో సహజ సంరక్షకులు కారు. తల్లీ తండ్రీ ఇద్దరూ లేకపోతే కోర్టు ద్వారా నియామకం తెచ్చుకోవాలి. బిడ్డ డబ్బును బిడ్డ పేరునే డిపాజిట్ చేయండి, మీ పంట అప్పు ఖాతాలో కలపకండి. బిడ్డ వాటా భూమిని తల్లి అయినా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. 18 నిండిన రోజు నుంచి ఖాతా వారిదే, కొత్త సంతకం, కేవైసీ ఇప్పించాలి.

లెక్క పుస్తకం

మా తమ్ముడి దగ్గర ఒక నోటు పుస్తకం ఉండి ఉంటే మా ఇంట్లో ఆ ఆరు నెలలు ఉండేవి కావు. తేదీ, ఎంత తీశారు, దేనికి ఖర్చయింది, ఎంత మిగిలింది, ఈ నాలుగు గడులు చాలు. మందుల బిల్లులు మధ్యలో పెట్టి ఉంచండి. ఖాతాదారుకు చదివి వినిపించి పక్కన ముద్ర వేయించండి. మాట రాకపోయినా వింటారు. నెలకోసారి ఆ పేజీ ఫొటో తీసి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకు వాట్సాప్‌లో పంపండి. "నా మీద నమ్మకం లేదా" అని రోషపడేవారు ఉంటారు. నమ్మకం ఉన్నప్పుడు రాసే లెక్కే నిలుస్తుంది, గొడవ మొదలయ్యాక రాసిన లెక్కను ఎవరూ నమ్మరు.

పెద్దాయన పొలం ఎరువులకు ఆయన డబ్బు వాడితే అదీ రాయండి. ఆయన చేతిఖర్చుకు, చుట్టలకో, మనవడికి కొనిపెట్టే బిస్కెట్లకో, కొంత ఆయన దగ్గరే ఉంచండి. ఆయన డబ్బుతో ఆయన ఏం చేసుకున్నా మనం లెక్క అడగకూడదు.

మరణం తర్వాత

మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. ఆ ధ్రువపత్రం ప్రతులు బ్యాంకుకు, సచివాలయానికి, వ్యవసాయ కార్యాలయానికి ఇవ్వాలి. ఆ రోజు తర్వాత ఏటీఎం కార్డు ముట్టుకోకూడదు. కర్మకాండ ఖర్చుకని తీసినా తప్పే. ఆ తర్వాత పడిన విడత వెనక్కి ఇవ్వవలసిందే.

ఖాతాలో అంతకుముందే ఉన్న డబ్బు నామినీకి ఇస్తారు. నామినీ ఉంటే వారసత్వ ధ్రువపత్రం కావాలని బ్యాంకు అడగకూడదు, కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో ఇచ్చేయాలి. నామినీ అంటే డబ్బు తీసుకుని వారసులకు పంచవలసిన మనిషి, సొంతదారు కాడు. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురు దాకా నామినీలను పెట్టుకోవచ్చు.

ఆంధ్రలో పింఛను తీసుకునే భర్త చనిపోతే భార్యకు వితంతు పింఛను ఇచ్చే ఏర్పాటు ఉంది. మరణ ధ్రువపత్రంతో వెంటనే సచివాలయంలో దరఖాస్తు చేయాలి. పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఉండాలన్న నియమం ఉన్నా, పట్టాదారు మరణంతో వారసత్వంగా వచ్చిన భూమికి అది అడ్డు కాదు. ముందు పట్టా మార్పు జరగాలి, తర్వాత వారసులు కొత్తగా నమోదు చేసుకోవాలి. అన్నదమ్ములు పంపకం తేల్చుకోక తండ్రి పేరునే భూమి ఉంచేస్తే ఎవరికీ రాదు.

ఇంట్లోవారే వాడేసుకుంటుంటే

పింఛను చేతికి రాగానే కొడుకు లాక్కుంటున్నాడని అవ్వలు గొంతు తగ్గించి చెప్తారు. ఇది విన్న పొరుగువారైనా, మా సిబ్బంది అయినా వృద్ధుల సహాయ కేంద్రం 14567కు ఫోన్ చేయవచ్చు. కొత్త ఖాతాకు మార్చుకోవడం, కార్డు రద్దు చేయించుకోవడం ఖాతాదారు ఒక్క దరఖాస్తుతో చేసుకోగల పనులు. కొడుకు అనుమతి అక్కర్లేదు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీఓ స్థాయి ట్రిబ్యునల్‌కు వృద్ధులే సాదా కాగితం మీద రాసి ఇవ్వవచ్చు, తాము వెళ్లలేకపోతే వేరొకరి ద్వారా పంపవచ్చు. పోషిస్తారన్న షరతుతో రాసిచ్చిన పొలాన్ని, పోషించకపోతే వెనక్కి తీసుకునే వీలు కూడా అదే చట్టంలో ఉంది. రాసిచ్చే దస్తావేజులో ఆ షరతు మాటల్లో ఉండేటట్టు చూసుకోవాలి.